చూసినట్టే

“పాలు దించేసినట్టే, నువ్వు జడ వేసుకో,” అన్నాడు భర్త సోఫాలోంచి.

ఆ మాట నోట్లో ఉండగానే వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. ఆమె సగం జడతో పరిగెత్తి స్టవ్వు కట్టేసి, గట్టు తుడిచి, గిన్నె నానబెట్టి, మిగిలిన సగం అల్లుకుంటూ తిరిగొచ్చేసరికి ఆయన నిజంగానే ఆశ్చర్యపోయి చూస్తున్నాడు. “అరె, లేవబోతున్నానే,” అన్నాడు. అది అబద్ధం కాదు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఆయన అబద్ధమాడగా ఆమె వినలేదు. ఆయన లెక్కలో ఒక పని చెయ్యాలని మనసులో అనుకుంటే చాలు, ఆ పని అయినట్టే. మోటారు ఆపినట్టే. మేడ మీద బట్టలు ఆరేసినట్టే. తలుపు గడియ పెట్టినట్టే. ఆ ‘ట్టే’కీ అసలు పనికీ మధ్య ఉండే జానెడు దూరం పద్దెనిమిదేళ్ళుగా ఆమె ఒక్కతే నడుస్తోంది. మోటారు దగ్గరికి, మేడ మీదికి, గడియ దగ్గరికి. అంత నడకనీ ఆ ఇంట్లో ఎవరూ పని అనలేదు. అనుమానం అన్నారు.

“మా కోడలు అనుమానపు పక్షి,” అనేది అత్తగారు ఇంటికొచ్చిన వాళ్ళందరితో. “నేను తాళం వేస్తే తను లాగి చూడాలి. దేవుడొచ్చి వేసినా లాగి చూస్తుంది.” వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. భర్త ఇంకాస్త ముద్దుగా, ముందున్న అనుమానం తీసేసి, ‘పక్షీ’ అని పిలిచేవాడు. ముద్దుగా పిలిస్తే మాత్రం మాటలో ముల్లు పోతుందా అని ఆమెకు ఉండేది.

తమాషా ఏమిటంటే, ఇంట్లో వెక్కిరింతకు పనికొచ్చిన ఆ గుణమే బయట ఆమెకు ఉద్యోగం ఇచ్చింది. ఊరి చివర హెలికాప్టర్లు బాగుచేసే హ్యాంగరులో ఆమె రెండో సంతకం. కొండల మీది పల్లెలకు మందులు మోసుకెళ్ళి, అక్కణ్ణుంచి రోగుల్ని ఆసుపత్రికి దించే హెలికాప్టర్లు అవి. నడపడానికి సంబంధించిన భాగం ఏది విప్పి బిగించినా, బిగించినవాడి సంతకం ఒక్కటే చాలదు. ఆ పనిలో చెయ్యి పెట్టని ఇంకొకరు వచ్చి కంటితో చూసి, వేలితో తడిమి, లాగ్ పుస్తకంలో రెండో గడి నింపాలి. అనుమానించడానికి జీతమిచ్చే చోటు లోకంలో ఒకటి ఉందని తెలిసిన రోజున ఆమె పొంగిపోయింది.

అయితే హ్యాంగరూ ఒక ఇల్లే. అక్కడా ఒక పెద్దాయన ఉన్నాడు, ఇన్‌ఛార్జి. బాగుచేసే పనిలో ముప్ఫైమంది మగవాళ్ళ మధ్య ఉన్న ఒక్క ఆడమనిషికి ఆయన గౌరవంగానే కొన్ని బాధ్యతలు అప్పగించాడు. ఎవరి పుట్టినరోజు ఎప్పుడు, మందుల డబ్బాలో దూది ఉందా లేదా, టీ కప్పులు ఎన్ని పగిలాయి. “ఆడవాళ్ళకైతే గుర్తుంటుందమ్మా,” అనేవాడు. బాగుచేసిన హెలికాప్టరు మొదటిసారి పైకి లేచేటప్పుడు మెకానిక్కులు వంతులేసుకుని ఎక్కేవాళ్ళు. పదిహేనేళ్ళలో ఆమె వంతు రాలేదు. అడిగితే, “నీకెందుకమ్మా, కళ్ళు తిరుగుతాయి,” అన్నాడు. ఆమె కళ్ళ గురించి ఆమెకన్నా ఆయనకే ఎక్కువ తెలిసినట్టుంది.

పాలు పొంగిన ఆ మంగళవారం, మధ్యాహ్నం అత్తగారిని కళ్ళ డాక్టరుకు చూపించాలి. ఆ పూట సెలవు పెట్టినట్టే అని భర్త వారం రోజులుగా చెబుతున్నాడు. పన్నెండింటికి ఫోను చేశాడు. “పక్షీ, ఇక్కడ మీటింగ్ పడింది. నువ్వు కొంచెం చూడు.”

ఆమె పూట సెలవు రాసి ఇన్‌ఛార్జి దగ్గర సంతకం పెట్టించుకుంది. వెళ్ళేముందు, తోక విప్పి ఉన్న తెల్ల హెలికాప్టరు దగ్గర ఆగింది. దాని మీద పనిచేస్తున్న మెకానిక్కుని అందరూ తుఫాను అంటారు. అందరూ రెండు రోజులు చేసే పని అతను ఒక పూటలో చేస్తాడు. మంచివాడు, అమ్మలాంటి మనసు, చేతుల్లో మాత్రం గాలి.

“రాడ్డు బిగించాక అలాగే ఉంచండి. పొద్దున్నే వచ్చి చూస్తాను,” అంది.

“బిగించినట్టే మేడమ్. మీరు వెళ్ళిరండి.”

ఆ ‘ట్టే’ ఆమె చెవిలో చిన్న రాయిలా పడింది. కానీ ఆటో వచ్చేసింది, అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంటుంది. వెళ్ళిపోయింది.

మర్నాడు ఆమె ఎనిమిదింటికి వచ్చేసరికి తెల్ల హెలికాప్టరు లోపల లేదు. బయట పచ్చిక మీద రెక్కలు తిప్పుకుంటూ ఉంది. నడిపేది పైలట్ అమ్మాయి. ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు, హ్యాంగరులో ఆమెను ‘అక్కా’ అని పిలిచే ఒకే ఒక్క ప్రాణి. ఆమె లోపలికి పరిగెత్తింది.

“ఇంకా నేను చూడలేదు కదా సార్,” అంది ఇన్‌ఛార్జితో.

ఆయన లాగ్ పుస్తకం తెరిచి చూపించాడు. మొదటి గడిలో తుఫాను సంతకం. రెండో గడిలో పెన్సిలుతో ఒక టిక్కు. “ఇవాళ మధ్యాహ్నం కొండమీద నుంచి పిలుపుంది. నువ్వు చూసినట్టే అనుకుని పంపాను. ఇదిగో, దీని మీద పెన్నుతో ఒక్క సంతకం పెట్టెయ్. కొంపేం మునగదు.”

“ఆపమనండి సార్. రేడియోలో చెప్పండి, దించమనండి.”

“అబ్బ, నీ అనుమానం...” అంటూ ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

హెలికాప్టరు మనిషెత్తు లేచింది. ఒక్క క్షణం నిలకడగా ఉంది. తర్వాత దాని ముక్కు మెల్లగా కుడివైపు తిరగడం మొదలుపెట్టింది. ఎవరో వెనక నుంచి పిలిస్తే చూడబోయినట్టుగా ఉంది ముందు. ఆగలేదు. ఒక చుట్టు, ఇంకా వేగంగా రెండో చుట్టు. గడ్డి, దుమ్ము, ఎవరిదో టోపీ గాల్లోకి లేచాయి. తోక నేలకు కొట్టుకుని పుల్లలా విరిగింది. మూడో చుట్టు మధ్యలో అమ్మాయి దాన్ని దబ్బున కింద పడేసింది. కింది కాళ్ళు విచ్చుకుపోయి, హెలికాప్టరు ఒక పక్కకు ఒరిగి ఆగింది.

అందరూ పరిగెత్తారు. అందరికన్నా ముందు ఆమె. చెప్పులు ఎక్కడ వదిలేసిందో తర్వాత వెతికితే గాని దొరకలేదు. తలుపు లాగి చూసేసరికి పైలట్ అమ్మాయి ఇంజన్ ఆపేసి, బెల్టు విప్పుకుంటూ, పెదవి మీద చిన్న గీత తప్ప దెబ్బే లేకుండా కూర్చుని ఉంది.

“అక్కా,” అంది. “పెడల్ తొక్కుతూనే ఉన్నాను. తోక నా మాట వినలేదు.” అని గట్టిగా నవ్వడం మొదలుపెట్టింది. బతికి ఉండటం అంత నవ్వొచ్చే విషయమని ఆమెకు అప్పుడే తెలిసింది. ఆమె కూడా నవ్వింది, ఏడ్చింది, ఆ పిల్ల చేతులూ కాళ్ళూ తడిమి చూసింది. ఆ తడమడాన్ని ఆ రోజు ఎవరూ అనుమానం అనలేదు.

తోక ఎందుకు వినలేదో గంటలో తెలిసింది. పైన పెద్ద రెక్కలు ఒకవైపు తిరుగుతుంటే కింద ఒళ్ళంతా రెండోవైపు తిరిగిపోవాలని చూస్తుంది. దాన్ని తిరక్కుండా పట్టుకునేవి తోక చివర ఉండే చిన్న రెక్కలు. పైలట్ కాళ్ళ కింది పెడల్ నుంచి ఆ రెక్కల దాకా పొడుగాటి రాడ్డు ఉంటుంది. రాడ్డు కీలు దగ్గర ఒక బోల్టు, దానికొక నట్టు. అదురుకి నట్టు విప్పుకోకుండా బోల్టు చిల్లులోంచి చీపురుపుల్లంత పిన్ను దూర్చి, దాని రెండు కాళ్ళూ చెరోవైపు వంచాలి. తెల్ల హెలికాప్టరులో నట్టు ఊడి ఉంది, బోల్టు జారి తోక గొట్టంలో పడి ఉంది. పిన్ను లేదు.

తుఫాను మెట్టు మీద కూలబడ్డాడు. చొక్కా జేబులో చెయ్యి పెట్టి తీశాడు. కాళ్ళు వంచని కొత్త పిన్ను, తళతళలాడుతూ. “నట్టు చేత్తో తిప్పి పెట్టాను మేడమ్. ఎవరో పిలిచారు. వచ్చాక... పెట్టేసినట్టే అనుకున్నాను,” అన్నాడు. అతని మొహం చూస్తే తిట్టబుద్ధి కాలేదు. టీ తెమ్మని ఇంకొకర్ని పంపింది. పదిహేనేళ్ళలో ఆ హ్యాంగరులో ఆమె టీ ఇంకొకరికి చెప్పడం అదే మొదలు.

సాయంత్రం ఇన్‌ఛార్జి ఆమెను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు. రేపు పదింటికి విచారణ అధికారి వస్తాడట. “రెండో గడి నిండి ఉంటే బోల్టులోనే ఏదో లోపం అనుకుంటారు. ఖాళీగా ఉంటే మన నిర్లక్ష్యం అంటారు, హ్యాంగరు మూసేస్తారు. ముప్ఫైమంది పొట్ట మీద కొట్టకమ్మా. మనమంతా ఒక కుటుంబం. నువ్వు ఇంటిపని మీద వెళ్ళకపోయుంటే చూసేదానివే కదా? చూసినట్టే కదా?” అన్నాడు. ఆపైన, “సంతకం లేకపోతే డ్యూటీ వదిలి వెళ్ళావని రాయాల్సొస్తుంది,” అని కూడా అన్నాడు. మాట తీయగానే ఉంది.

ఆమెకు భయం వేసింది. ఉద్యోగం పోతుందని ఒక భయం, అంతకన్నా రెండో సంతకం పెట్టే లైసెన్సు పోతే మళ్ళీ అనుమానపు పక్షిగానే మిగిలిపోతానన్న భయం పెద్దది. లోకంలో ఆమె లాగి చూడటానికి విలువున్న చోటు అదొక్కటే.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు కొత్త కళ్ళజోడు పెట్టుకుని సింహాసనం మీద కూర్చున్నట్టు కూర్చుని ఉంది. నిన్నటి నుంచి ఆవిడకి లోకమంతా కొత్తగా కనిపిస్తోంది. ఫ్యాను రెక్కల మీద దుమ్ము కనిపించి, కొడుకుని స్టూలెక్కించి తుడిపిస్తోంది. ఆ దృశ్యం చూసి అంత దిగుల్లోనూ ఆమెకి నవ్వొచ్చింది.

“ఏమ్మా, మొహం అలా పీక్కుపోయింది? ఎప్పుడూ ఇలాగే వస్తున్నావా, నాకే మసగ్గా ఉండి తెలియలేదా?” అంది అత్తగారు.

ఆమె జరిగిందంతా చెప్పింది. భర్త స్టూలు మీద నుంచే తేల్చేశాడు. “ఆయన చెప్పింది సబబే. పెట్టెయ్, పోయేదేముంది? నువ్వు ఉంటే చూసేదానివేగా. చూసినట్టే.”

అత్తగారు కుట్టుపెట్టె దగ్గరికి లాక్కుంది. ఆవిడ నలభై ఏళ్ళు ఇంటిల్లిపాది బట్టలూ కుట్టిన మనిషి. పిల్లల గౌన్లు, ఆడపడుచుల జాకెట్లు, దిండు గలీబులు. దానికి ఎవరూ కూలీ ఇవ్వలేదు, అడగాలని ఆవిడకీ తోచలేదు. సూదీ దారం తీసి కోడలి చేతిలో పెట్టింది. “ఆ పిన్ను సంగతేంటో నాకు చేసి చూపించు.”

ఆమె పాత గుడ్డ మీద నాలుగు కుట్లు వేసింది. “ఇది బోల్టు అత్తయ్యా, ఇది నట్టు. పిన్ను లేదు,” అని దారం కొస వదిలేసింది.

అత్తగారు గుడ్డని రెండు వేళ్ళతో లాగింది. నాలుగు కుట్లూ సర్రున ఊడొచ్చాయి. “అంటే ముడి వెయ్యలేదన్నమాట,” అంది. “ముడి వెయ్యని కుట్టు కుట్టే కాదు. రేపు చూశానని సంతకం పెడితే, ముడి వెయ్యనివాడూ బానే ఉంటాడు, పంపించినవాడూ బానే ఉంటాడు. చూసి కూడా పట్టుకోలేకపోయిందని నీ మెడకి చుట్టుకుంటుంది.” తర్వాత కళ్ళజోడు సర్దుకుని స్టూలు వైపు తిరిగింది. “ఏరా, నిన్న సెలవు పెట్టినట్టే అన్నావు. నిజంగా పెట్టుంటే ఈ పిల్ల ఆ పూట అక్కడే ఉండేది కదా?”

భర్త చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఫ్యాను రెక్క మాత్రం ఆయన తోసిన ఊపుకి కాస్త తిరిగి ఆగింది. “అనుకున్నానమ్మా...” అన్నాడు, ఆ మాట తనే విన్నాడు. స్టూలు దిగి వెళ్ళి రాత్రి వంటకి బియ్యం కడిగాడు. కడిగినట్టే కాదు, కడిగాడు. ఆమె చూసింది. చూడకుండా ఉండలేకపోయింది.

మర్నాడు పదింటికి విచారణ అధికారి వచ్చాడు. సన్నటి మనిషి, మొహంలో ఏ భావమూ లేదు. లాగ్ పుస్తకం తిరగేసి రెండో గడి దగ్గర వేలు పెట్టి, “ఈ పెన్సిలు గుర్తు?” అని ఊరికే అడిగాడు.

“దాని మీద సంతకం చెయ్యమని నేనెవరినీ బలవంతపెట్టలేదు సార్,” అన్నాడు ఇన్‌ఛార్జి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అని ఆమె చిన్నప్పుడు బళ్ళో చదువుకుంది. చూడటం మాత్రం అప్పుడే.

అధికారి ఆమె వైపు తిరిగాడు. “మీరు చూశారా?”

“చూడలేదు.” పూట సెలవు కాగితం బల్ల మీద పెట్టింది. అడుగున ఇన్‌ఛార్జి సంతకం నిగనిగలాడుతోంది.

“అంటే సార్,” ఇన్‌ఛార్జి ముందుకి వంగాడు. “మేడమ్‌ది పదిహేనేళ్ళ అనుభవం. మధ్యాహ్నం దాకా పక్కనే ఉన్నారు. ఒకరకంగా చూసినట్టే.”

రాత్రంతా ఆమె ఎన్నో మాటలు సిద్ధం చేసుకుంది. అవేవీ గుర్తు రాలేదు. అధికారి నింపుతున్న విచారణ ఫారాన్ని తన వైపు తిప్పుకుని చూసింది. “ఇందులో రెండే గళ్ళున్నాయి సార్. చూశాను, చూడలేదు. చూసినట్టేకి గడి లేదు. ఉండుంటే మా ఇంట్లో పద్దెనిమిదేళ్ళుగా అదొక్కటే నింపుకుంటూ వచ్చేవాళ్ళం.”

అధికారికి దగ్గొచ్చింది. అది దగ్గు కాదని గదిలో అందరికీ తెలిసిపోయింది. వెనక కూర్చున్న పైలట్ అమ్మాయి దాచుకోకుండా నవ్వేసింది. తుఫాను లేచి నిలబడి, ఎవరూ అడక్కుండానే, “పిన్ను నా జేబులో ఉండిపోయింది సార్. మేడమ్ వచ్చేదాకా ఆగమన్నారు. మేం ఆగలేదు,” అన్నాడు. ఆమెకి అతని మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను.

వెళ్ళేముందు అధికారి అడిగాడు. “మళ్ళీ ఇలా జరక్కుండా మీరైతే ఏం చేస్తారు?” ఈ హ్యాంగరులో టీ కప్పుల గురించి తప్ప ఆమె అభిప్రాయం ఎవరూ అడిగి ఎరగరు.

“రెండు గళ్ళూ నిండేదాకా హెలికాప్టరు గుమ్మం దాటకూడదు,” అంది. ఆపైన ఒక్క క్షణం ఆలోచించి, పదిహేనేళ్ళ కోరికని నిబంధనలా సర్ది చెప్పింది. “మొదటిసారి పైకి లేచినప్పుడు ఆ రెండు సంతకాలు పెట్టినవాళ్ళూ అందులో కూర్చోవాలి.”

హ్యాంగరు మూతపడలేదు. ఇన్‌ఛార్జిని ఇంకో ఊరి ఆఫీసుకు పంపారు. అక్కడ అందరి పుట్టినరోజులూ ఆయనే గుర్తుపెట్టుకోవాలి. నిబంధన అచ్చయి గోడకెక్కింది. రెండు నెలలకు తెల్ల హెలికాప్టరుకు కొత్త తోక వచ్చింది. తుఫాను రాడ్డు బిగించి, పిన్ను దూర్చి, కాళ్ళు వంచి, వెళ్ళి టీ తాగొచ్చి మళ్ళీ చూశాడు. తనూ అందులో ఎక్కాలిగా మరి. హ్యాంగరులో ఇప్పుడు అతన్ని చిరుజల్లు అంటున్నారు. తర్వాత ఆమె వెళ్ళింది. లైటు వేసి చూసింది, వేలితో తడిమింది, వంచిన పిన్ను కాళ్ళు గోటికి గరుకుగా తగిలాయి. రెండో గడి పెన్నుతో నింపింది.

ఆ ఉదయం ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు బకెట్ నిండా ఉతికిన బట్టలున్నాయి. “నువ్వు వెళ్ళు, ఆరేసినట్టే...” అని భర్త నాలుక కరుచుకున్నాడు. “ఆరేస్తాను,” అన్నాడు. ఆమె అలవాటు చొప్పున మేడ మెట్ల వైపు చూసి, చెప్పులేసుకుని వచ్చేసింది.

హెలికాప్టరు లేచింది. మనిషెత్తులో ఒక్క క్షణం నిలబడింది. తోక మాట విన్నది. నేల మెత్తగా కిందికి జారిపోయింది, హ్యాంగరు పెట్టెలా చిన్నదైంది, రోడ్లు, ఇళ్ళు, మేడలు. కళ్ళు తిరగలేదు. తిరిగింది లోకమే, అదీ ఆమె చూడటానికి వీలుగా నెమ్మదిగా. ఆమెకి ఎంత సంతోషం వేసిందంటే, చెవులకున్న హెడ్‌ఫోన్‌లో అందరికీ వినపడుతుందని మరిచిపోయి గట్టిగా నవ్వింది.

“అక్కా, అదుగో పసుపు ట్యాంకు. మీ మేడే కదా?” అంది పైలట్ అమ్మాయి. ఆ ఇంటి సంగతులన్నీ ఆ పిల్లకి తెలుసు. “కావాలంటే ఒక చుట్టు తిప్పుతాను. బట్టలు ఆరేశారో లేదో ఇక్కణ్ణుంచే చూసుకోవచ్చు.”

ఎడమవైపు తల తిప్పితే చాలు. తీగ మీద బట్టలున్నాయో లేవో ఇట్టే తెలిసిపోతుంది. ఆమె మెడ సగం దాకా తిరిగింది కూడా. అక్కడ ఆగింది. కుడివైపు కిటికీలో కొండలు ఒకదాని వెనక ఒకటి, దగ్గర్లో ఆకుపచ్చగా, దూరంగా నీలంగా ఉన్నాయి. ఆ కొండల మీదికి పదిహేనేళ్ళుగా తన సంతకం వెళ్ళొస్తోంది, తను కాదు. ఆమె అటు తిరిగి కూర్చుంది.

“కనిపించాయా అక్కా? ఆరేశారా?”

“చూడలేదు,” అందామె.